ఊఁ కొట్టే మనిషి

మా సైటులో అతన్ని అందరూ పైవాడు అంటారు. టవర్ క్రేన్ నడుపుతాడు కాబట్టి పైవాడు. పొద్దున నిచ్చెన పట్టుకుని ఎక్కాడంటే భోజనానికి తప్ప దిగడు. ఒక్కోసారి ఆ భోజనం డబ్బా కూడా పైకే పట్టుకుపోతాడు. ఇనుము రావాలన్నా, కాంక్రీటు తొట్టి కదలాలన్నా, ఒక అంతస్తులో చెక్కలు ఇంకో అంతస్తుకి పోవాలన్నా అతనే దిక్కు. "ఇవాళ స్లాబు పడుతుందా?" అని మేస్త్రీని అడిగితే "అంతా పైవాడి దయ" అని చెయ్యి పైకి చూపిస్తాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఈ మేస్త్రీ ఎంత భక్తిపరుడో అనుకుని రెండు రోజులు గౌరవంగా ఉంటారు.

నేను స్టోరు చూస్తాను. హెల్మెట్లు, బూట్లు, బోల్టులు, కొక్కేలు, తాళ్ళు, ఎవరికి ఏం కావాలన్నా నా రేకుల షెడ్డుకి రావాలి, వచ్చినవాళ్ళు నా చేత నాలుగు మాటలు పడాలి. ఇవ్వడం నా ఉద్యోగం, తిట్టడం నా సరదా. నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. నన్ను కూడా స్టోరు అనే పిలుస్తారు.

పైవాడికి ఒక కిందాయన ఉండేవాడు. క్రేన్ నడిపేవాడికి తన లోడు ఎక్కడ దిగుతోందో అన్నిసార్లూ కనిపించదు. భవనం వెనక వైపుకో, గోడల మధ్య గోతిలోకో దించాల్సి వచ్చినప్పుడు కింద ఒక మనిషి వాకీటాకీ పట్టుకుని దారి చెప్పాలి. అతన్ని సిగ్నల్‌మన్ అంటారు. లోడు దిగుతున్నంతసేపూ అతను "దించు, దించు, దించు" అని అంటూనే ఉండాలి. అనడం ఆపాడా, పైనున్నవాడు ఉన్నపళంగా ఆపెయ్యాలి. ఎందుకు ఆగాడని ఆలోచించకూడదు, ఇంకాస్త దించి చూద్దామనుకోకూడదు. గొంతు ఆగితే లోడు ఆగాలి.

మా కిందాయనకి ఆ "దించు" అనడానికి కూడా బద్ధకమే. "ఊఁ... ఊఁ... ఊఁ..." అనేవాడు. నెమ్మదిగా దించమంటే ఊఁ సాగేది, తొందరగా దించమంటే పొట్టిగా వచ్చేది. ఆపమనడానికి "ఆఁ" అని ఒక్కటే. కథ చెప్పించుకుంటూ ఊకొట్టే చిన్నపిల్లాడు గుర్తొచ్చేవాడు వింటుంటే. సేఫ్టీ ఆఫీసరు మొదట్లో గోల చేశాడు. ఇది పని చోటా, పడక గదా, ఊకొట్టడమేంటి, మాటల్లో చెప్పాలన్నాడు. కిందాయన అదంతా శ్రద్ధగా విని, చివర్లో "ఊఁ" అన్నాడు. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్ళిద్దరి చేతుల మీదుగా దిగిన లోడు ఎప్పుడూ దేనికీ తగిలింది లేదు.

కిందాయన పైవాడికి స్వయానా బావ, అక్క మొగుడు. బావమరిదిని ఈ పనిలోకి తెచ్చింది కూడా ఆయనే. పైవాడిది ఊరుకోలేని నోరు. ఆ అద్దాల క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చుని, ఒక లోడుకీ ఇంకో లోడుకీ మధ్య కనిపించిందల్లా చెప్పేవాడు. కిటికీ మీద వాలిన పిట్ట సంగతి, దూరంగా బయల్దేరిన వాన సంగతి, తనకి కుదరబోయి తప్పిపోయిన సంబంధాల సంగతి. బావ ఊఁ కొట్టేవాడు. వాళ్ళిద్దరికీ విడిగా ఒక ఛానెల్ ఉండేది. నా షెడ్డులోని వాకీటాకీ సెట్టుని నేను ఆ ఛానెల్ మీదే ఉంచుకునేవాణ్ణి. నాకూ పొద్దుపోవాలి కదా.

బావ ఊఁ కాస్త ఆలస్యమైతే చాలు, పైనుంచి ఒక కేక వచ్చేది. "ఏం బావా, చచ్చావా?"

కింది నుంచి తాపీగా జవాబు. "ఇంకా లేదురా. నీ పెళ్ళి చూసి పోదామని ఆగా."

ఇది రోజూ ఉండేదే. వినీ వినీ నాకు నవ్వు కూడా వచ్చేది కాదు.

ఆ రోజు వెనక వైపు లిఫ్టు గోతిలోకి ఇనుప చట్రం దిగుతోంది. ఊఁ, ఊఁ, ఊఁ. తర్వాత ఏమీ లేదు. చట్రం గాల్లో ఆగింది. పైవాడు కాసేపు చూశాడట. బ్యాటరీ అయిపోయిందేమో, బావ ఎవరితోనో మాటల్లో పడ్డాడేమో అనుకున్నాడట. ఎప్పటి కేకే వేశాడు. జవాబు రాకపోయేసరికి నాకు షెడ్డులో ఏదోలా అనిపించి లేచి వెళ్ళాను. లిఫ్టు గొయ్యి నా షెడ్డు వెనకే. కిందాయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ ఒళ్ళోకి జారింది. గుండె ఆగిపోయిందని డాక్టర్లు తర్వాత చెప్పారు, నాకు చూడగానే తెలిసింది. ఆయన భుజానికి తగిలించుకున్న సెట్టులోంచి ఆ గొంతు వస్తూనే ఉంది.

"చచ్చావా బావా? ఊఁ అనవేం? ఓయ్, చచ్చావా?"

నేను ఆ సెట్టు తీసుకుని, "లోడు కదపకు. మీ బావకి ఒంట్లో బాగాలేదు" అన్నాను. లోడు గాల్లో వేలాడుతుండగా క్రేన్ నడిపేవాడు కుర్చీ వదలకూడదు. అది ప్రాణాల కోసం పెట్టిన నియమం, దాన్ని అతను తప్పలేదు. అంబులెన్సు రావడం, పోవడం పైనుంచే చూశాడు. అంత ఎత్తు నుంచి చూస్తే మనుషుల మొహాలు కనిపించవు, బండి కప్పు మాత్రం కనిపిస్తుంది. ఇంకో సిగ్నల్‌మన్‌ని వెతికి తెచ్చి, ఆ చట్రాన్ని కిందికి దించి, అతను నిచ్చెన దిగి వచ్చేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

పరామర్శకి మేమంతా అక్క ఇంటికి వెళ్ళాం. ముందుగది నిండా ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల నిండా జనం. పైవాడు గుమ్మంలో నిలబడి ఒక బూటు విప్పాడు. లోపల ఎవరో పెద్దాయన అక్కని ఓదారుస్తున్నాడు. "మన చేతుల్లో ఏముంది తల్లీ, అంతా పైవాడి చేతుల్లో ఉంది. పైవాడు పిలిచాడు, ఆయన వెళ్ళిపోయాడు. పైవాడు పిలిస్తే ఎవరు మాత్రం ఆగుతారు చెప్పు?"

పాపం ఆ ముసలాయనకి సైటు గురించి ఏం తెలుసు, మా మారుపేర్ల గురించి ఏం తెలుసు. మా పైవాడు అది విన్నాడు. విప్పిన బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని మెట్లు దిగిపోయాడు. అక్క లోపలి నుంచి అతను రావడమూ చూసింది, పోవడమూ చూసింది.

ఆ తర్వాత ఆవిడ ఫోను చేసేది. "చివర్లో మాట్లాడింది నువ్వే కదరా. ఏమన్నాడు మీ బావ?" అని అడిగేది. ఇతను "లోడు ఊగుతోందక్కా, మళ్ళీ చేస్తా" అనేవాడు. ఏ లోడూ లేదు, ఏ ఊపూ లేదు, నా షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. కొన్నాళ్ళకి ఫోను ఎత్తడం కూడా మానేశాడు.

"అక్కకి ఏం చెప్పను స్టోరూ? చచ్చావా అనడిగానని చెప్పనా? ఆయన నిజంగానే చచ్చిపోతుంటే, అదే మాట మళ్ళీ మళ్ళీ అడిగానని చెప్పనా?" అన్నాడు నాతో ఒకసారి. తిట్టడం వచ్చినవాడికి ఓదార్చడం రావాలని ఏముంది?

అమ్మానాన్నా ఎప్పుడో పోయారు. పెళ్ళి కాలేదు. ఈ లోకంలో అతన్ని "తిన్నావా?" అని అడిగే మనిషి ఆ అక్క ఒక్కతే. సెలవు రోజున వాళ్ళింట్లోనే తినేవాడు, వాళ్ళ సోఫాలోనే మధ్యాహ్నం నిద్రపోయేవాడు. ఆ ఒక్క మాట ఆవిడ మొహాన చెప్పలేక, ఆవిణ్ణి కూడా పోగొట్టుకునే దారిలో పడ్డాడు. బావ పోవడం ఎవరి చేతిలోనూ లేదు. ఇది మాత్రం ఇతని చేతిలోనే ఉంది, ఇతనికి ఆ సంగతి తెలుసు కూడా.

ఒకసారి అతని గదికి వెళ్ళాను. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి టీవీ. టీవీ నడుస్తోంది, అతను దాని వైపు చూడటం లేదు. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తింటున్నాడు. "కూర్చుని తినొచ్చు కదరా" అంటే "ఎవరితో?" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఎందుకో తర్వాత తెలిసింది, నేనూ మా ఇంట్లో అలాగే నిలబడి తింటాను.

పైన కూడా నోరు విప్పడం మానేశాడు. కొత్త సిగ్నల్‌మన్ "దించు, దించు" అని చక్కగానే చెప్పేవాడు, పైనుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మాట్లాడని ఆపరేటర్ అంటే అందరికీ భయమే. సేఫ్టీ ఆఫీసరు అతన్ని కిందికి దించి నా స్టోరులో కూర్చోబెట్టాడు. కొక్కేలకి గ్రీజు రాయడం, తుప్పు పట్టినవి ఏరి పక్కన పెట్టడం అతని పని. నా షెడ్డు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. నేనూ ఎవరినీ తిట్టబుద్ధి కాక ఊరికే సామాను ఇచ్చి పంపేసేవాణ్ణి.

ఆఫీసరే ఒకరోజు వచ్చి అతని ఫోనులో ఏదో యాప్ వేసి పెట్టాడు. "దిగులుగా ఉన్నవాళ్ళ మాట వినే కౌన్సెలర్ గారు ఉంటారు. వీడియోలో మాట్లాడండి. కంపెనీయే ఏర్పాటు చేసింది. మీ మనసులో ఉన్నది ఆవిడతో చెప్పుకోండి" అన్నాడు. సైటంతా ఈ వార్త పాకింది. "మనమంతా పైవాడికి మొరపెట్టుకుంటాం, మరి పైవాడు ఎవరికి మొరపెట్టుకుంటాడు?" అని ఒకడంటే, "ఆన్‌లైన్‌లో పెట్టుకుంటాడు" అని ఇంకొకడు. నాకూ నమ్మకం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, అదీ అరచేతంత అద్దంలో చూస్తూ, ఇంట్లోవాళ్ళకే చెప్పుకోలేనిది ఎలా చెప్పుకుంటాం? ఆ మాటే ఆఫీసరుతో అన్నాను. "మీకు కూడా ఒకటి ఏర్పాటు చెయ్యమంటారా?" అన్నాడు. నోరు మూసుకున్నాను.

సిగ్నల్ బాగా అందేది నా షెడ్డులోనే. భోజనాల తర్వాత అతను లోపల కూర్చునేవాడు, నేను బయటికొచ్చి సిమెంటు బస్తాల మీద కూర్చునేవాణ్ణి. వినకూడదనే నా ఉద్దేశం. రేకు గోడకి ఆ మర్యాద తెలియదు.

మొదటి రోజు ఆవిడ మర్యాదగా పలకరించింది. చిన్న వయసు గొంతు. "మీకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలనిపిస్తే అక్కణ్ణుంచి చెప్పండి. నేను వింటాను" అంది.

"మా బావ పోయాడండీ" అన్నాడు.

అటు నుంచి చప్పుడు లేదు. ఇటు నుంచీ లేదు. నేను బస్తా మీద సర్దుకుని కూర్చున్నాను.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండీ, చెప్పండి."

"ఆయన కింద పని చేసేవాడు. నేను పైన."

మళ్ళీ నిశ్శబ్దం.

"మేడమ్, వినిపిస్తోందా?"

"బాగా వినిపిస్తోంది. మీరు నిదానంగా చెప్పండి."

"చెప్పానండీ."

ఇదే తంతు. ఇతను ఒక ముక్క చెప్పి ఆగడం, ఆవిడ ఓపిగ్గా ఎదురుచూడటం, ఇతను లైను ఉందో లేదో కనుక్కోవడం. అయిపోయాక మొహం మాడ్చుకుని బయటికొచ్చాడు. "ఆవిడ అక్కడ లేనే లేదు స్టోరూ. ఫోటో పెట్టేసి ఏదో పని చూసుకుంటోంది" అన్నాడు. నేను ముందే చెప్పానా లేదా అన్నాను. నా మాట నెగ్గినందుకు నాకేం సంతోషం కలగలేదు.

ఇక మాట్లాడనన్నాడు. ఆఫీసరు బతిమాలి ఇంకోసారి కూర్చోబెట్టాడు. ఆ రోజూ అలాగే మొదలైంది. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయాడు. ఈసారి ఆవిడే అడిగింది.

"మీరు చెప్పబోతారు, అంతలో ఆపేస్తారు. ఎందుకో అడగొచ్చా?"

"మీరు ఆగారు కాబట్టి ఆపానండీ."

"నేను ఆగానా? నేనసలు ఏమీ అనలేదే."

"అదేనండీ. అవతల ఏమీ అనకపోతే ఆపెయ్యాలి కదా."

ఆవిడకి అర్థం కాలేదు. ఇతను చెప్పాడు. కనిపించని చోటికి లోడు దించడం, కింద మనిషి గొంతు, ఆ గొంతు ఆగితే చెయ్యి దానంతటదే ఆగిపోవడం, బావ ఊఁ. ఇన్నేళ్ళూ తన మాటల కింద ఆ ఊఁ ఉండేదనీ, అది లేకపోతే మాట గొంతు దాటి రాదనీ అన్నాడు. ఆ కాస్తా చెప్పడానికి కూడా మధ్యలో ఎన్నోసార్లు "ఉన్నారా?" అని అడిగాడు.

"ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు అడ్డు రాకూడదని మాకు నేర్పారండీ" అంది ఆవిడ.

"ఊఁ అడ్డెలా అవుతుందండీ? ఊఁ లేకపోతేనే అడ్డు."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఇంకో సంగతి కూడా ఉంది. మీరు మాట్లాడేటప్పుడు నా మైకు కట్టేస్తున్నాను. మా పక్కింట్లో ఒకటే మోత. మీకు ఇబ్బందని."

"తెరవండి మేడమ్."

తెరిచింది. రేకులు అదిరేలా గరగరమని మోత వినిపించింది. సైటులో చప్పుడు చాలక ఫోనులోంచి ఇంకొకటి. పైవాడి గొంతు మారిపోయింది.

"అది బ్రేకర్ కదండీ? గోడ పగలగొడుతున్నారా?"

"వంటగది పెద్దది చేసుకుంటున్నారట. తలనొప్పి వచ్చేస్తోంది. కట్టెయ్యనా?"

"ఉండనివ్వండి, ఉండనివ్వండి."

అలా ఆ రోజు ఆవిడ ఊఁ కొట్టడం మొదలుపెట్టింది. మొదట్లో అసలు రాలేదు. ఇతను నోరు తెరిస్తే ఊఁ, ఊపిరి తీస్తే ఊఁ. "అంత గబగబా వద్దండీ, కంగారొస్తోంది" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత కుదిరింది. పిట్ట సంగతి చెప్పాడు, వాన ఎటు నుంచి బయల్దేరుతుందో చెప్పాడు, తప్పిపోయిన సంబంధాల్లో ఒకమ్మాయి నవ్వు గురించి చెప్పాడు. ఆవిడ ఊఁ, వెనకాల బ్రేకర్ మోత, మధ్యలో ఇతని గొంతు. ఆ గొంతు విని ఎన్నాళ్ళైందో. బస్తాల మీద కూర్చుని నేను ఏడ్చాను. సిమెంటు దుమ్ము పడిందని చెప్పుకోవచ్చు గానీ, ఏడ్చాను.

అయితే అసలు సంగతి దగ్గరికి రావడం లేదు. దాని చుట్టూ తిరుగుతున్నాడు, అది నాకూ తెలుస్తోంది, ఆవిడకీ తెలిసే ఉంటుంది. ఆవిడ తొందరపెట్టలేదు. మరో రెండు మూడు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఈ మధ్యలో అక్క దగ్గర్నుంచి ఒకసారి ఫోను వచ్చింది, ఇతను బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

చివరికి ఒకరోజు, ఏదో లోడు గురించి చెబుతూ చెబుతూ, గొంతు మార్చకుండానే అనేశాడు. "నేను చచ్చావా అన్నానండీ. ఆయన పోతున్నాడు, నేను చచ్చావా చచ్చావా అని అరిచాను."

ఆవిడ ఊఁ అనలేదు. బయట నేను బస్తాల మీంచి లేచి నిలబడ్డాను.

"మేడమ్, ఆగారేం?"

"ఆగలేదండీ. ఇక్కడే ఉన్నాను. ఆ మాట ఆ రోజే అన్నారా, ముందు కూడా అనేవారా?"

"రోజూ అనేవాణ్ణి."

"ఆయన ఏమనేవారు?"

"ఇంకా లేదురా, నీ పెళ్ళి చూసి పోదామని ఆగా, అనేవాడు." ఇతను నవ్వాడు. ఆ నవ్వు సగంలో తెగింది. "ఆ రోజు మాత్రం అనలేదండీ."

"అంటే మీరు తిట్టలేదు. పిలిచారు."

"అక్కకి అలా అనిపించదండీ. చెప్తే ఇక గుమ్మం తొక్కనివ్వదు."

"మీ అక్క ఏమంటారో నాకు తెలియదండీ. ఏమీ అనరని మాటివ్వలేను." ఆవిడ ఇంకో మాట అంది. "నాకు తెలిసిందల్లా ఒకటే. ఆవిడ అడిగారు. అడిగి ఎదురుచూస్తున్నారు. మీ వైపు నుంచి గొంతు రావడం లేదు."

చాలాసేపు బ్రేకర్ మోతే వినిపించింది. తర్వాత పైవాడు మెల్లగా అన్నాడు. "అక్క కూడా ఆ లోడులా గాల్లో ఉందంటారా?"

"ఊఁ" అంది ఆవిడ.

సెలవు రోజు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, గడ్డం చేసుకుంటూ ఒక చోట కోసుకున్నాడు. "నువ్వూ రా స్టోరూ. అక్కడ మొదట చేరింది నువ్వే కదా. నా మాట నమ్మకపోతే నువ్వు చెబుదువుగాని" అన్నాడు. నాకు వెళ్ళాలని లేదు. వెళ్ళాను.

అక్క తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. "ఏరా, ఇప్పటికి దారి గుర్తొచ్చిందా?" అంది. కూర్చోమనలేదు. పరామర్శల నాటి కుర్చీలు ఇంకా గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైవాడు ఒకటి లాగి, కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్ని రోజులుగా సాధన చేసిన మాటలన్నీ పక్కకి పోయాయి.

"అక్కా, నేను బావని చచ్చావా అన్నాను. ఆయన పోయేటప్పుడు. సెట్టులో అరిచాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఈయన విన్నాడు."

అక్క నా వైపు చూసింది. నేను తలూపాను. ఆవిడ మళ్ళీ తమ్ముడి వైపు తిరిగింది. నేను తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను.

"దీనికా?" అంది. "దీనికా నా ఫోను ఎత్తనిది? నా ఇంట్లో, నా సోఫాలో కూర్చుని ఎన్నిసార్లు అనలేదు ఆ మాట? ఆయన కాసేపు కళ్ళు మూసుకుంటే చాలు, ఏం బావా చచ్చావా అని కాలితో తన్నేవాడివి. నీ నోటికి వేరే మాటేదైనా వస్తే కదా ఆశ్చర్యపోవాలి!"

పైవాడు కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క వచ్చి ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. అతని చేతులు పక్కకి తియ్యలేదు, తల నిమరలేదు.

"నువ్వేమన్నావో నేనడగలేదురా. ఆయనేమన్నాడని అడిగాను. అది చెప్పు."

అతను చేతులు తీశాడు. "ఊఁ అన్నాడక్కా."

"దానికి ముందు?"

"దానికి ముందూ ఊఁ అనే. లోడు దింపిస్తున్నాడు కదా."

"నా గురించి ఏమైనా?"

ఒక్క అబద్ధం ఆడితే పోయేదానికి, ఆడరా బాబూ, అనుకున్నాను. అక్క అంత సూటిగా చూస్తుంటే నేనైతే ఆడేసేవాణ్ణి. మా మేనేజరు వచ్చి "చివరి క్షణంలో మీ పేరే తలిచాడమ్మా" అని చెప్పి వెళ్ళాడు. పక్కింటావిడ కూడా ఎవరో చెప్పగా విన్నానంటూ అదే చెప్పింది. వచ్చినవాళ్ళందరూ తలో కాస్త కలిపి అలాంటిదే చెప్పి పోయారు.

"లేదక్కా" అన్నాడు పైవాడు. "నీ పేరు ఎత్తలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఊఁ అన్నాడు, అంతే."

అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తమ్ముడు చెప్పింది తప్పో ఒప్పో నాకు తెలియలేదు.

"నన్నెప్పుడు పేరు పెట్టి పిలిచాడురా ఆయన?" అంది అక్క. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి పిలిచాడా? అన్నం పెట్టనా అంటే ఊఁ. తలుపు వెయ్యనా అంటే ఊఁ. నాకు జ్వరంగా ఉందంటే ఊఁ అని, మందు తెచ్చి మంచం మీద పెట్టి వెళ్ళేవాడు. వీళ్ళందరూ వచ్చి నీ పేరే తలిచాడమ్మా, నిన్నే కలవరించాడమ్మా అంటుంటే ఎవరి గురించి చెబుతున్నారో నాకు తెలిసేది కాదు. ఎవరో పరాయి మనిషి పోతే నన్ను కూర్చోబెట్టి ఓదారుస్తున్నట్టు ఉండేది. అందరూ ఏడుస్తున్నారు, నాకు ఏడుపే రాలేదు. రాయి గుండె దానిదని అనుకునే ఉంటారు."

"అక్కా..."

"నువ్వు చెప్పింది ఆయనేరా. ఊఁ అని, పని చూసుకుంటూ." తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు పోయాడురా మా ఆయన."

అని ఏడ్చింది.